గడిలో తీసేసిన టిక్కు

ఆఫీసులో అందరూ ఆమెను తక్కెడమ్మ అనేవాళ్ళు. ఏ ప్రోగ్రాం ఎక్కడ నత్తనడక నడుస్తోందో ప్రొఫైలర్ పెట్టి కొలిచి చెప్పడం ఆవిడ పని. ఆ పేరు విని ఇన్నాళ్ళూ మురిసిపోయింది కూడా. మురిసిపోదూ మరి!

ఆ కంపెనీ అంబులెన్సులు పంపే సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. కింది అంతస్తులో ఫోన్లెత్తే అమ్మాయిలు చిరునామా కొట్టగానే దగ్గర్లో ఉన్న బండి తెరమీదికి రావాలి. కొన్నాళ్ళుగా తెరమీద ఆగమనే చక్రం గిర్రున తిరుగుతోందే తప్ప బండి రావడం లేదు. "ఎవరి కోడ్ టైం తింటోందో సాయంత్రానికల్లా తేల్చు. వాళ్ళు రేపట్నించి రానక్కర్లేదు" అన్నాడు మేనేజరు.

అనుమానం ఇద్దరి మీద. దారి లెక్కగట్టే భాగం రాసిన పెద్దాయన ఒకరు. ఆఫీసంతా ఆయన్ని తాతగారనే పిలుస్తారు. వచ్చిన కాల్స్‌ని వరసలో నిలబెట్టే భాగం రాసినవాడు రెండోవాడు. అతను తక్కెడమ్మ మొగుడే.

ప్రొఫైలర్ సెట్టింగుల్లో ఒక గడి ఉంటుంది. ప్రోగ్రాం పనిచేసిన సమయంతోపాటు ఊరికే ఆగి ఎదురుచూసిన సమయం కూడా లెక్కలో కలపాలా అని అడుగుతుంది. ఆవిడ టిక్కు పెట్టి చూసింది. మొగుడి భాగం గ్రాఫులో ఈ చివర్నించి ఆ చివరిదాకా ఎర్రగా పరుచుకుంది. ఒక కాల్ తెమిలేదాకా వెనకున్నవన్నీ నిలబడిపోతున్నాయి. టిక్కు తీసి చూసింది. నిలబడ్డ సమయమంతా మాయమై, తాతగారి భాగం పైకొచ్చి కూర్చుంది.

"అలాగే ఉంచవే" అని భుజం వెనకనించి గొణిగాడు మొగుడు. "అబద్ధమేం కాదుగా. మొదట్నించీ అది టిక్కు లేకుండానే వస్తుంది."

నిజమే, అబద్ధం కాదు. కొంప ముంచింది అదే. ఆవిడ ఆ గ్రాఫే పంపింది.

మర్నాడు తాతగారు సామాను సర్దుకుని ఆమె బల్ల దగ్గర ఆగాడు. "ఎదురుచూసిన టైం కలిపావా అమ్మా?"

"మామూలు సెట్టింగులేనండీ."

"నా సంగతి వదిలెయ్ తల్లీ. ఫోన్ పట్టుకుని ఉన్నవాళ్ళ కోసం ఓసారి కలిపి చూడు" అని వెళ్ళిపోయాడు.

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అయినా ఆ గడి జోలికి పోలేదు. పోతే మొగుడు ఇంట్లో కూర్చోవాలి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికీ ఆవిడకీ ఏమిటి తేడా?

తాతగారు వెళ్ళినా చక్రం తిరగడం మానలేదు. ఎందుకు మానుతుంది? సంగతేమిటో చూసి రమ్మని మేనేజరు ఆవిణ్ణే కిందికి పంపాడు.

హెడ్‌సెట్ పెట్టుకున్న అమ్మాయి, "లైన్లో ఉండండమ్మా, బండి చూస్తున్నాం, ఒక్క క్షణం" అంటోంది. తెరమీద చక్రం తిరుగుతోంది. "ఒక్క క్షణమమ్మా" అని మళ్ళీ అంది. మళ్ళీ అంది. ఆ క్షణం ఎంతకీ తెమలలేదు. చివరికి హెడ్‌సెట్ తీసి బల్లమీద పెట్టింది.

"ఇంక బండి అక్కర్లేదన్నారక్కా."

తక్కెడమ్మ మెట్లెక్కి పైకొచ్చింది. గడిలో టిక్కు పెట్టింది. ఎర్రగా పరుచుకున్న మొగుడి భాగాన్ని అలాగే మేనేజరుకు పంపింది. మొదటిసారి తెలిసే టిక్కు తీశానని కింద రాసింది.

"ఎంత పని చేశావే! రేపట్నించి మన గతేంటి?" అన్నాడు మొగుడు, నెత్తిన చేతులు పెట్టుకుని.

"లైన్లో ఉండు. ఒక్క క్షణం" అందామె.