వంటింటి సరిహద్దు

తెల్లారేసరికి సరిహద్దు రత్నమాల వంటింటి గడప మీదికి వచ్చి ఆగి ఉంది. నిన్నటిదాకా అది ఊరి అవతల, కాలవ పక్కన ఉండేది. సన్నటి తెల్లటి గీత. ముగ్గులా ఉంటుంది గానీ తుడిస్తే పోదు. రత్నమాల చీపురుతో ఒకసారి ప్రయత్నించి, చీపురు మూలన పెట్టేస్తుంది. పొద్దున్నే దేశాలతో ఎవరు పెట్టుకుంటారు?

పొయ్యి, పప్పుల డబ్బాలు, రుబ్బురోలు, వాటితోపాటు అత్తగారు మంగాయమ్మ అవతలి దేశంలోకి పోయారు. ముందుగదీ, మంచమూ, రత్నమాలా, ఆమె కూతురు హైమా ఇవతల మిగిలారు. రెండు దేశాలకీ ఇంటికప్పు ఒకటే. గోడల సున్నం ఒకటే. వాన పడితే కారేది కూడా ఒకే చోట, సరిగ్గా గీత మీద.

అయినా అవతల పిండి పొంగుతోంది. మంగాయమ్మ పిడికెడు మినప్పప్పు రుబ్బితే గిన్నె నిండి గట్టు మీదికి పొర్లుతోంది. ఒక్క కిటికీ ఉన్న వంటింటికి కాసేపటికి మూడు కిటికీలు వస్తాయి. ఆవిడ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి గరిటె తిప్పుతూ పాడుతోంది. ఆవిడ గొంతు అంత బాగుంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇవతల అన్నీ పలచబడుతున్నాయి. మంచం కోళ్ళు పొట్టివవుతున్నాయి. గదికి ఇదివరకటి పొడవు లేదు. ఆరేళ్ళ హైమ బరువు తగ్గిపోయి, గాలి వీస్తే పైకి లేస్తోంది. రత్నమాల పిల్ల గౌను అంచుకి తాళంకప్ప కట్టి కిందికి దించుతుంది. ఆ వీధిలో దేనికి కరువున్నా తాళంకప్పలకి లేదు.

ఎందుకు లేదో చెప్పాలి. రత్నమాల చిన్నప్పుడు మైకు కట్టిన జీపొకటి వచ్చేది. "మన చెరువు!" అని అరిచేది. సాయంత్రానికి చెరువుని చాపలా చుట్టి పట్టుకుపోయేవాళ్ళు. "మన బడి!" అనేది. బడి లారీ ఎక్కి వెళ్ళిపోయేది, లోపల పిల్లలు ఎక్కాలు చదువుతూనే ఉండేవాళ్ళు. అప్పటినుంచీ 'మనం' అన్న మాట వినబడితే చాలు, వీధి వీధంతా తలుపులు వేసుకుంటుంది. జామచెట్టు సైతం కాయల్ని ఆకుల వెనక్కి లాక్కుంటుంది. ఎవరి బియ్యం వాళ్ళు దాచుకుని, దాచిన చోటు మర్చిపోతారు. ఎవరూ విత్తనం వెయ్యరు. పండాక అది ఎవరిదవుతుందో తెలియనప్పుడు ఎవడు మాత్రం వేస్తాడు?

"ఆకలమ్మా," అంటుంది హైమ, తాళంకప్ప మీద దారం కట్టిన బుడగలా ఊగుతూ.

రత్నమాల గీత దగ్గరికి వెళ్తుంది. "అత్తయ్యా, మేం అటొచ్చేస్తామండీ."

మంగాయమ్మ తలెత్తదు.

"అత్తయ్యా! మేమండీ!"

మంగాయమ్మ చెవి రుద్దుకుంటుంది. "నీ పెదాలు కదుల్తున్నాయి గానీ, రత్నం, మధ్యలో ఏదో మాటకి కన్నం పడతందే. మళ్ళీ అను."

"మేము."

"అదిగో, కన్నం. ఆ మాట ఈ దేశంలో ఉన్నట్టు లేదే. మనం అని చూడు."

"మనం ఎలా అవుద్దండీ? మీరు ముందే అక్కడున్నారు కదా. వచ్చేది నేనూ పిల్లానూ."

"వచ్చేవాళ్ళు వేరూ, ఉన్నవాళ్ళు వేరూనా? అలా అనుకుంటే ఇక్కడ అట్టు ఒకవేపు కాలదే."

రత్నమాలకి ఒళ్ళు మండుతుంది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఈవిడ నోట ఆ మాట విన్నది లేదు. 'మా ఇంట్లో పులుసు ఇలా పెట్టం.' 'మా వాడికి ఇది పడదు.' ఆ వాడు పోయాక కూడా 'మా ఇల్లు' అనే అంటుంది, కోడలు ఏదో బస్సు కోసం ఆగిన మనిషైనట్టు. ఇప్పుడు దేశం మారేసరికి మనమట!

"ఇన్నాళ్ళూ ఏమైపోయిందండీ ఆ మాట?"

మంగాయమ్మ గరిటె ఆపుతుంది. "అక్కడున్నప్పుడు నాకూ భయమేనే. ఆ మాటంటే నువ్వేం పట్టుకుపోతావోనని."

అది నిజమే అయుండాలి. ఆవిడ అలా అనగానే వంటింటికి ఇంకో కిటికీ వస్తుంది.

రత్నమాల గొంతు సవరించుకుంటుంది. "మన..." అనేసరికి బయటికి వచ్చేది తన గొంతు కాదు, జీపు మైకు గరగర. వీధి పొడవునా గడియలు పడతాయి. ఆమె చేతి గాజులు మోచేతి పైకి పాకి జాకెట్టు చేతిలో దాక్కుంటాయి. ఆమెకి సిగ్గేస్తుంది. అంతకంటే భయమేస్తుంది. పిల్ల ఆకలితో ఉంటే ఒక్క మాట అనలేని తల్లి ఉంటుందా అని తనని తనే తిట్టుకుంటుంది. తిట్టు మాత్రం చక్కగా పలుకుతుంది.

హైమకి జీపు తెలియదు. ఆ పిల్ల పుట్టాక అది రాలేదు. పట్టుకుపోవడానికి ఏం మిగిలిందని?

"మామ్మా, మనం అట్టు తిందామా?"

తాళంకప్ప ఊడి నేల మీద పడుతుంది. హైమ గీత దాటుతుంది. అవతల ఆమె పాదాలు ధబ్బుమని ఆనుతాయి. బరువున్న పిల్ల చప్పుడు అది. ఆ చప్పుడుకి రత్నమాల ప్రాణం లేచి వస్తుంది.

అట్టు ఒకవైపు ఎర్రబడేలోపు హైమ జడ నడుము దాటుతుంది. తిరగేసేసరికి ఓణీ చీరవుతుంది. రెండోవైపు కాలేసరికి ఆమె కళ్ళజోడు పెట్టుకుని, వంటింట్లోకి వచ్చిన కొత్త మనుషులందరికీ పీటలు వేస్తోంది. వాళ్ళెవరో ఆమెకి తెలియదు. వాళ్ళూ తమ వెంట పీటలు తెచ్చి పక్కన వేస్తారు. వంటిల్లు పొడవవుతూనే ఉంటుంది, చివర ఎక్కడుందో కనబడదు. పిల్ల బతికింది. రత్నమాలకి ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, ఇంత ఒంటరితనమూ కలగలేదు.

ఇవతలి దేశంలో ఇప్పుడు ఆమె మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేంత చోటే ఉంది.

హైమ వచ్చి గీత దగ్గర కూర్చుంటుంది. జుట్టు నెరిసింది. తల్లికంటే పెద్దదానిలా ఉంది. చెయ్యి చాపుతుంది, నేతి వాసన వేసే చెయ్యి. రత్నమాల పట్టుకుంటుంది గానీ, హైమ లాగేసరికి గీత దగ్గర ఆ చేతిలో ఏమీ ఉండదు.

"అమ్మా, మనం లోపలికి వెళ్దామా?" అంటుంది హైమ. "నిదానంగా అనమ్మా. తొందరేం లేదు. ఇక్కడ అట్టు చల్లారదు."

రత్నమాలకి అనాలనే ఉంది. లోకంలో ఇంకేమీ వద్దు, ఆ ఒక్క మాటా అనాలని ఉంది. నోరు తెరుస్తుంది. మాట ఎక్కడ ఆగిపోయిందో చూద్దామని హైమ వంగి లోపలికి చూస్తుంది.

పళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ముందు పైవరస, తర్వాత కిందివరస, ఒక్కొక్కటే మెల్లగా అటు తిరిగి, దేన్నో గుండెలకి హత్తుకుని దాచుకున్నట్టు భుజాలు ముడుచుకుని, హైమకి వీపులు చూపిస్తాయి.