నీళ్ల గంట

దివాకర్ సారు ఆడవాళ్ల బాత్రూం తాళంచెవిని తన టేబుల్ సొరుగులో పెట్టుకుంటాడు. బడి ఆయనది, కరెస్పాండెంటు, ఆయన ఇష్టం. ట్యాంకరు నీళ్లు కొని పోయిస్తుంటే ఆడవాళ్లు బకెట్లకు బకెట్లు పారబోస్తున్నారని ఒకరోజు తాళం వేశాడు, అంతే. అవసరమైన టీచరు వెళ్లి ఆయన ముందు నిలబడి అడగాలి. ఆ గదిలో ఎప్పుడూ ఎవరో ఒక మగమనిషి ఉంటాడు, బస్సు డ్రైవరో, ఫీజు తగ్గించమని వచ్చిన తండ్రో. హేమ ఒకరోజు పొద్దున అడిగింది, మధ్యాహ్నం మళ్లీ అడిగింది. ఆయన గోడ గడియారం వైపు చూసి, "మళ్లీనా మేడమ్? షుగర్ టెస్టు చేయించుకోండి ఒకసారి" అన్నాడు. డ్రైవరు నవ్వాడు. ఆ రోజు నుంచి హేమ బడిలో నీళ్లు తాగడం మానేసింది.

ఉరవకొండలో కుళాయి వచ్చే రోజు తెల్లవారకముందే లేవాలి. డ్రమ్ములు, బిందెలు, అత్త స్నానానికి వేరే బకెట్టు, మొగుడి బండి కడగడానికి ఇంకో బకెట్టు, అన్నీ నింపేది హేమే. అన్ని నీళ్లు మోసిన మనిషి సాయంత్రానికి గొంతు ఎండిపోయి, పొత్తికడుపు బిగబట్టుకుని ఇంటికి వస్తుంది. "పిల్లోళ్లతో పాటలు పాడుకోని వచ్చేదానికి అంత అలుపేందే నీకు?" అంటాడు మొగుడు చంద్రమోహన్. మూత్రానికి పోతే మంటగా ఉందని చెబితే అత్త, "నీళ్లు తాగల్లమ్మా. ఒంటి మీద గ్యానం లేకుంటే ఎట్ల?" అంది. తాగమని అందరూ చెప్పేవాళ్లే. ఎందుకు తాగడం లేదని అడిగినవాళ్లు లేరు.

ఆమెది ఎల్‌కేజీ. గేటు దాటి లోపలికి వస్తే టీచరుకైనా పిల్లకైనా తెలుగు మాట రాకూడదు. పొద్దుటి నుంచి ఇంగ్లీషే చెవిన పడుతుంటే పిల్లలు ఇంట్లో మాట నేర్చినట్టు నేర్చేస్తారని, చెప్పక్కర్లేదని, చూసి నేర్చుకుంటారని దివాకర్ సారు తల్లిదండ్రులకు చెబుతాడు. పొద్దున చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. ఈ రోజు ఎండా, మబ్బా, వానా చెప్పి ఒక పిల్ల లేచి గోడకు అట్ట తగిలిస్తుంది. ఎండ అట్ట వాడి వాడి వెలిసిపోయింది. వాన అట్ట నిన్న కొన్నట్టు ఉంటుంది. తర్వాత రంగులు, తర్వాత నీళ్ల గంట. గంట కొట్టగానే అందరూ బాటిళ్లు తీసి, పాట పాడి, ఒక్కసారే తాగాలి. ఎలా తాగాలో చూపించడానికి హేమ కూడా స్టీలు గ్లాసు ఎత్తుతుంది. పెదాలకు తాకిస్తుంది, గుటక వేయదు, దించేస్తుంది. ఎవరికీ తెలియదు.

పిల్లల బాత్రూముకు తాళం లేదు గానీ, పోవాలంటే పిల్ల లేచి నిలబడి వేలు చూపించి "మే ఐ గో టు టాయిలెట్, మిస్?" అనాలి. సగం చెబితే కూర్చోబెట్టాలి, అది రూలు. చాప తడిపిన పిల్లలు చాలామందే ఉన్నారు. భారతి మాత్రం ఒక్కసారి కూడా తడపలేదు, ఒక్కసారి కూడా అడగలేదు. గొర్రెలు మేపుకునే సిద్దమ్మ కూతురు భారతి. బడి తెరిచిన నాటి నుంచి నోరు విప్పలేదు గానీ ఇంత బుద్ధిమంతురాలు లేదని, ఇబ్బంది పెట్టని పిల్లలకు శుక్రవారం ఇచ్చే నక్షత్రాన్ని ప్రతి వారమూ హేమ ఆ పిల్ల గుండె మీదే అంటించింది.

ఒక వారం భారతి రాలేదు. ఒకరోజు బడి వదిలి పిల్లలంతా పోయాక సిద్దమ్మ వచ్చి చెప్పులు బయట విడిచి తరగతి గుమ్మం దగ్గర నిలబడింది.

"జరం మేడమ్. ఒంటికి పోతే కేక పెట్టి ఏడుస్తాండాది. బిడ్డకు నీళ్లు తాపవా అని డాక్టరు నన్ను తిట్టినాడు."

"దినామూ నా ముందరే తాగుతాది గదా సిద్దమ్మా."

"తాగదంట మేడమ్. నోటికి పెట్టుకోని దించేస్తాదంట. తాగితే ఒంటికొస్తాది, వస్తే ఆ ఇంగ్లీసు మాట చెప్పల్ల. దానికి నోరు తిరగదు. అడక్కుండా ఉంటే మిస్సు నక్షత్రం ఇస్తాదిమా అనింది. మాదే తప్పు. ఇంట్లో నేర్పించేదానికి మాకు రాదు గదా."

హేమ తన స్టీలు గ్లాసు వైపు చూసింది. నోటికి పెట్టుకుని దించేయడం. ఆ పిల్ల రోజంతా చూసే మొఖం ఒక్కటే, మిస్సు మొఖం. పెదాలు తడవడం చూసింది, గొంతు కదలకపోవడం చూసింది. దివాకర్ సారు చెప్పింది నిజమే. చెప్పక్కర్లేదు, చూసి నేర్చుకుంటారు. అమ్మలు, అత్తలు తనకు నేర్పింది కూడా ఇలాగే కదా, ఎవరూ నోరు తెరిచి చెప్పకుండానే. పెళ్లి బస్సులో, సంత రోజున, మగవాళ్లు కూర్చున్న వసారాలో బిగబట్టుకుని ఉండటమే మర్యాద అని. దానికి తను నక్షత్రం కూడా జోడించింది.

ఆ సాయంత్రం తాళం సంగతీ, భారతి సంగతీ చంద్రమోహన్‌తో చెప్పింది. "నువ్వు గమ్మునుండు. సారుతో తగువు పెట్టుకుంటే ఉద్యోగం పోతాది. కొంచెం తక్కువ తాగితే సరిపోయె, అందరాడోళ్లూ ఓర్చుకోవడంలా?" అన్నాడతను, ఫోనులోంచి తల ఎత్తకుండా. మళ్లీ కుళాయి వచ్చిన పొద్దున హేమ ముందుగా తన బాటిలు నింపుకుంది. డ్రమ్ములు ఆ తర్వాత. బండి కడగాల్సిన బకెట్టు ఖాళీగానే ఉండిపోయింది. "నీళ్లేవే?" అని అరిచాడు. "కుళాయి ఇంకా వస్తానే ఉండాది, పట్టుకో" అంది.

భారతి బడికి వచ్చిన రోజు నీళ్ల గంట కొట్టగానే హేమ గ్లాసు నిండా పోసుకుంది. పిల్లలందరూ చూస్తుండగా గుటక గుటకా తాగింది, అడుగు కనిపించేదాకా. తర్వాత తెలుగులో చెప్పింది. "ఒంటికి వస్తే ఒంటికని చెప్పండి. చెప్పేదానికి రాకుంటే లేసి పోండి. ఎవురూ కూర్చోబెట్టరు." పిల్లలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. మిస్సుకు తెలుగు వచ్చని వాళ్లకు ఆ రోజే తెలిసింది.

కాసేపటికి పిల్లల దగ్గర బడి ఆయమ్మను కూర్చోబెట్టి ఆఫీసు గదికి వెళ్లింది. దివాకర్ సారు ఉన్నాడు, డ్రైవరూ ఉన్నాడు. ఆమె ఏమీ అడగలేదు. టేబుల్ చుట్టూ తిరిగి వెళ్లి సొరుగు లాగి తాళంచెవి తీసుకుంది.

"ఏంది మేడమ్ ఇది? అడిగి తీసుకోవల్ల గదా?"

"ఇంక అడగను సార్. ఇది నా క్లాసులో మేకుకు ఉంటాది. కావల్సినోళ్లు ఆడికొచ్చి తీసుకుంటారు."

"క్లాసులో ఇందాక ఏందో మాట్లాడతాంటిరి, ఈడికి వినిపిచ్చె. గేటు లోపల తెలుగొద్దని మీకు ఎన్నిసార్లు చెప్పల్ల?"

"మీరూ తెలుగులోనే చెప్తాండారు సార్."

డ్రైవరు ఈసారి కూడా నవ్వబోయి, సారు మొఖం చూసి ఆపుకున్నాడు.

"ఈ నెలతో ఆఖరు మేడమ్, చూసుకోండి."

"సరే సార్. అంతవరకూ ఆడనే ఉంటాది. ఆ తర్వాత తీసుకునేదానికొస్తే మిగిలిన టీచర్లు ఈయరు. వాళ్లతో మాట్లాడే వచ్చినా."

ఆమె బాత్రూముకు తీరిగ్గా వెళ్లింది, తీరిగ్గా వచ్చింది. వెలిసిపోయిన ఎండ అట్ట పక్కన, అందరికీ అందే మేకుకు తాళంచెవి తగిలించింది. చాప మీద భారతి బాటిలు మూత తీసి పట్టుకుని ఉంది. హేమ గొంతు వైపు ఒకసారి చూసి, బాటిలు ఎత్తింది. ఆ చిన్న గొంతు కదిలింది. మళ్లీ కదిలింది. తర్వాతి పాట సగంలో ఉండగా భారతి లేచి, వేలు చూపించకుండా, ఎవరివైపూ చూడకుండా తలుపు దాటి బయటికి నడిచింది.

ఎక్కడికని హేమ అడగలేదు.