అమ్మ జడ వేస్తుంది

మోకాళ్ళ దగ్గర మట్టి పట్టిన పాప నిన్నటి ఆటబట్టలు సబ్బు పెట్టి రుద్దుతుంటే బాస్కెట్‌బాల్ కోచ్ ఫోన్ చేసింది. ఆట అయిపోయాక బట్టలు మార్చుకునే గదిలో మా పాప తనకంటే చిన్నపిల్లని జుట్టు పట్టుకుని లాగిందట. వెంట్రుకలు చేతికొచ్చాయట. "ఆడపిల్లకి అంత కోపం ఎక్కణ్ణుంచి వచ్చింది? మా వైపు ఎవరికీ లేదే" అన్నారు మా ఆయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా. పొద్దున ఇస్త్రీ సరిగా లేదని చొక్కాని నా ముఖాన విసిరికొట్టింది ఈయనే. అది కోపం కాదు, ఆఫీసు టెన్షన్. ఆ పేరు పెట్టింది మా అత్తగారు. నేను నవ్వి, చొక్కా మళ్ళీ ఇస్త్రీ చేసిచ్చాను. ఓర్పున్న మనిషినని బంధువుల్లో నాకు మంచి పేరుంది. ఆ పేరంటే నాకూ ముద్దే.

చేతులు తుడుచుకుని బాస్కెట్‌బాల్ కోర్టుకి వెళ్ళాను. కోచ్‌కి ఒక పద్ధతుంది. ఆటలో ఎవరికి కోపం వచ్చినా చెయ్యెత్తి, "నాకు కోపం వచ్చింది" అని పైకి చెప్పాలి. వాళ్ళు చెప్పడం అయ్యేదాకా బంతి కింద పెట్టి అందరూ ఆగాలి. మా పాప ఇంతవరకూ ఒక్కసారీ చెయ్యెత్తలేదట. ఇవాళ ఆటంతా తనకి బంతి ఇవ్వకపోయినా నవ్వుతూనే ఉందట. "ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నానండీ" అంది కోచ్. అంతలోనూ నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

మరి చెయ్యెందుకు ఎత్తలేదని నా ముందే పాపని అడిగింది. పాప బూటు లేసు ముడి వేస్తూ, విప్పుతూ, చాడీలా కాదు, మామూలు ఇంటి సంగతిలా చెప్పింది.

"మా ఇంట్లో చెయ్యెత్తరు మేడమ్. అమ్మకి కోపమొస్తే నవ్వుతుంది. తర్వాత నాకు జడ వేస్తుంది."

కోచ్‌కి అర్థం కాలేదు. నాకయింది. సిగ్గుతో నిలువునా చచ్చిపోయాను. పొద్దున చొక్కా ఇచ్చి వచ్చి పాపని ముందు కూర్చోబెట్టుకున్నాను. చిక్కు దగ్గర దువ్వెన ఆగితే నేను ఆగలేదు, లాగాను. అబ్బా అంటే కదలకు అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగితే, ఇదేం జుట్టే అని తిరిగి దాన్నే తిట్టాను. ఇవాళ ఒక్కరోజేనా? ఆయన ముందు పెగలని నా నోటికి ఆ చిన్న తల దొరికింది. నలుగురూ మెచ్చుకునే నా ఓర్పుని ఇన్నాళ్ళూ ఆ పిల్ల నెత్తి మీద మోయించాను. దారి పొడవునా దాని చెయ్యి పట్టుకోవడానికి కూడా నాకు ముఖం చెల్లలేదు.

భోజనాల దగ్గర ఆయన కూరగిన్నె పక్కకి నెట్టారు. "ఉప్పెంత వెయ్యాలో తెలీని మనిషి పిల్లనేం పెంచుతుంది?" అన్నారు. అత్తగారు నవ్వారు. అలవాటు కొద్దీ నా పెదాలు కూడా నవ్వబోయాయి. ఎదురుగా పాప నన్నే చూస్తోంది. దాని ఎడమచెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళి జడని పట్టుకుంది.

గరిటె కింద పెట్టాను. చెయ్యెత్తాను.

"నాకు కోపం వచ్చింది."

అత్తగారు నా చేతి వంక వింతగా చూశారు. ఆయన తినడం ఆపలేదు. పాప మాత్రం నోటిదాకా వచ్చిన ముద్దని కంచంలో పెట్టేసి, జడ వదిలేసి, నేను చెప్పడం అయ్యేదాకా ఆగింది.