అడిగితేనే చెప్పే ధర

ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో డెల్బర్ట్ హాస్కిన్స్ మందుల షాపు నడుపుతున్నాడంటే, నోటికి తాళం వేసుకుని నడుపుతున్నాడనే అర్థం. తాళం వేసింది మధ్యవర్తి కంపెనీ. బీమా వాళ్లకూ షాపులకూ నడుమ కూర్చుని, రోగుల మేలు తప్ప వేరే ధ్యాసే లేని పుణ్యాత్ములు వాళ్లు! బీమా కార్డు లేకుండా కొంటే మందు చవకని షాపువాడు తనంతట తాను చెప్పకూడదట. రోగి అడిగితే చెప్పొచ్చట. నోరు జారాడో, ఊళ్లో సగం మంది కార్డులు ఆ షాపులో చెల్లవు. ఒప్పందం అలా రాయించుకున్నారు.

వెర్నా కోవాల్చిక్ అనే పెద్దావిడ నెల నెలా కొనే గుండె మాత్రలు కార్డు లేకుండా అయితే పదకొండు డాలర్లు. కార్డు మీదైతే ఆవిడ వాటా నలభై అయిదు. పైన పడ్డ ముప్ఫై నాలుగూ మధ్యవర్తి వెనక్కి లాగేసుకుంటాడు. ఆహా, ఏం సేవ!

ఆవిడ చేత అడిగించాలని డెల్బర్ట్ చేయని ప్రయత్నం లేదు.

"ఈ రోజుల్లో ధరలు కనుక్కుని కొనుక్కోవాలండీ వెర్నా గారూ," అన్నాడు ఒకసారి.

"కనుక్కోవడం కార్డు లేనివాళ్ల ఖర్మ. టైర్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు నడుం విరగ్గొట్టుకుని సంపాదించుకున్న కార్డు నాయనా ఇది! నంబరు కొట్టు."

కొట్టాడు. ఇంకోసారి, "కార్డు ఇంట్లో మర్చిపోయి వచ్చినా ఫర్వాలేదండీ," అన్నాడు. పై నెల ఆవిడ కార్డుకి తాడు కట్టి మెళ్లో వేసుకొచ్చింది.

అలా మూడేళ్లు. ఈమధ్య ఆవిడ రెండు నెలలకోసారి వస్తోంది. డెల్బర్ట్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ అక్టోబరులో వెర్నా ఆయాసపడుతూ వచ్చి కౌంటరు పట్టుకుని నిలబడింది. కాళ్లు వాచి తన బూట్లు పట్టక, పోయిన మొగుడి బూట్లు తొడుక్కుంది.

"మాత్రలు విరిచే డబ్బా ఏదైనా ఉందా? కత్తితో కోస్తే పొడైపోతోంది."

"విరవడం ఎందుకండీ?"

"నెల నెలా నలభై అయిదు నా వల్ల కావట్లేదు. సగం సగం మింగితే రెండు నెలలొస్తాయి. కార్డుంది కాబట్టి బతికిపోయాను, లేకపోతే ఇంకెంత పడేదో!"

డెల్బర్ట్‌కి తన మీద తనకే ఒళ్లు మండింది.

"ఆ కార్డు లోపల పెట్టేయండి. అది లేకపోతే పదకొండు డాలర్లే. షాపు పోతే పోనీ, చెప్పేశాను."

తన గొంతు తనకే మహావీరుడి గొంతులా వినిపించింది. ఆవిడ కళ్లు తుడుచుకుని తన చెయ్యి పట్టుకుంటుందనుకున్నాడు.

వెర్నా చెయ్యి పట్టుకోలేదు. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదట్నుంచీ. మీరు అడిగితే గానీ చెప్పకూడదని ఒప్పందమండీ. మీరేమో అడగరు..."

"సరే, నేను అడగలేదు. నెల తప్పించి ఎందుకొస్తున్నావని నువ్వు ఒక్కసారైనా నన్ను అడిగావా? అదీ అడక్కూడదని రాశారా అందులో?"

డెల్బర్ట్ తల వంచుకున్నాడు.

"లేదండీ," అన్నాడు. "అది రాయలేదు."