వంతెన కాపరి నడక

అయిదు భాగాలుగా వచ్చిన ఆ వీడియో గేమ్‌లో వంతెన కాపరి కనిపించేది ఏడు నిమిషాలే. రాజ్యాలు, శాపాలు, మంత్రగాళ్లు నిండిన కథ అది. ఆడేవాళ్లు ఒక జట్టును కూడగట్టుకుని, ఊరూరా మాటలు కలుపుతూ, వంతులవారీగా తీరిగ్గా యుద్ధాలు చేసుకుంటూ వెళ్తారు. రెండో భాగంలో ఒక లోయ దగ్గర ఆమె ఎదురవుతుంది. కుంటుతూ వచ్చి, గొలుసు దించి, ఒక ప్రశ్న అడిగి దారి ఇస్తుంది. అంతే. అయినా పదేళ్లుగా జనం ఆమె గురించే అడుగుతూ వచ్చారు. చివరికి కంపెనీ దిగొచ్చి, ఆమె వయసులో ఉన్నప్పటి కథతో విడిగా ఒక ఆట తయారు చేయాలని నిర్ణయించింది. ఈసారి జట్టు లేదు, వంతులు లేవు. పరుగులు, దూకడాలు, కత్తియుద్ధం.

ఆ వార్తకి అందరికన్నా ఎక్కువ సంబరపడింది ఆ పాత్రకి నడక ఇచ్చిన యానిమేటర్. ఆ సంబరం మర్నాటి మీటింగు దాకా కూడా నిలవలేదు.

కొత్త ఆట దర్శకుణ్ణి ఆఫీసులో చాటుగా ‘స్టాప్‌వాచ్’ అంటారు. ఏ కదలికనైనా సెకన్లలో కొలవనిదే ఆయన ఒప్పుకోడు.

“గోడ ఎక్కడానికి ఒకటిన్నర సెకను. దెబ్బ తప్పించుకోడానికి అర సెకను. ఈ కాలుతో అయ్యే పని కాదు,” అన్నాడు తెర మీద పాత నడకను చూపిస్తూ. “కథ మొదలయ్యేటప్పటికి కాలు బాగానే ఉందని రాసేద్దాం. చివర్లో దెబ్బ తగులుతుంది. సరిపోతుంది.”

“ఆవిడకి చిన్నప్పట్నుంచీ అంతే సార్. రెండో భాగంలో తనే చెప్తుంది,” అంది యానిమేటర్.

“ఆ ఒక్క ముక్క ఎవరికి గుర్తుంటుందండీ?”

“అందరికీ.”

గదిలో ఎవరో నవ్వాపుకున్నారు. స్టాప్‌వాచ్ మాత్రం కోప్పడలేదు. “సరే, పది రోజులు తీసుకోండి. ఆ కాలుతోనే ఆవిడ గెలవగలదని నాకు చూపించండి. చూపించలేకపోతే మళ్లీ ఈ మాట ఎత్తకూడదు.”

నాలుగు రోజులు ఆమె కుర్చీలోంచి లేవలేదు. పాత నడకనే వేగం పెంచి చూసింది. దానికి పరుగు అతికించింది, కత్తి అతికించింది. ఎంత చేసినా బొమ్మ తూలిపోతున్నట్టే ఉంది తప్ప పోరాడుతున్నట్టు లేదు. పక్క సీటాయన తొంగిచూసి, “కాలికి కాదు, చెప్పుకి ఏదో అయినట్టుందండీ,” అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ నడక ఆమె ఊహించి వేసింది కాదు. వాళ్ల అక్కది.

అక్కకి మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. బడికి వెళ్లే దారంతా అక్క ముందు, చెల్లెలు వెనక. పదకొండేళ్ల క్రితం, ఏదో చిన్న పాత్రకి నడక కావాలంటే, ఆ జ్ఞాపకంతో ఒక్క మధ్యాహ్నంలో వేసిచ్చేసింది. అక్కని అడగాలనే తోచలేదు. ఏడు నిమిషాల పాత్రేగా అనుకుంది. తీరా ఆ పాత్రకి పేరొచ్చాక చెప్పడానికి మొహం చెల్లలేదు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మాట మరింత బరువెక్కింది.

అయిదో రోజు ఆమె అక్క కొట్టుకి వెళ్లింది. అక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. ఇరుకు గది, గోడ పొడుగునా విప్పి పెట్టిన మిషన్లు, నూనె వాసన. అక్క పళ్ల మధ్య స్క్రూ పట్టుకుని, ఒక మిషన్ కడుపులోకి లైటు వేసి చూస్తోంది.

చెల్లెలు స్టూలు మీద కూర్చుంది. “అక్కా, ఆఫీసులో ఒక చిన్న…”

అక్క స్క్రూ తీసి అరచేతిలో పెట్టుకుంది. “వంతెన కాపరి సంగతేనా?”

“నీకు తెలుసా?”

“తొమ్మిదేళ్లయింది తెలిసి. మా అమ్మాయి ఆడుతూ ఆడుతూ ఇల్లెగిరిపోయేలా అరిచింది, ‘అమ్మా, పిన్ని ఆటలో నువ్వున్నావ్!’ అని.”

“మరి ఇన్నాళ్లూ అనలేదేం?”

“నువ్వే చెప్తావని చూశా. ప్రతి పండక్కీ వస్తావు, తింటావు, వెళ్తావు. ఈసారి చెప్తుంది, ఈసారి చెప్తుంది అనుకునేదాన్ని. తర్వాత అనుకోవడం మానేశా.”

“కోపమొచ్చిందా?”

“రాకేం? అడక్కుండా తీసుకున్నావని కొంచెం. తప్పుగా తీసుకున్నావని చాలా.”

“తప్పుగానా?”

అక్క మిషన్ పక్కకి నెట్టి ఆమె వైపు తిరిగింది. “ఆవిడ నేల చూస్తూ నడుస్తుంది. భుజాలు దించేసి, దారి అడ్డం వచ్చానేమో అన్నట్టు. నేనెప్పుడు నేల చూశానే? నేల చూస్తే పడతా. నేను ముందుకి చూస్తా. పది అడుగుల అవతల చెయ్యి దేనికి ఆనించాలో ఇప్పుడే చూసుకుంటా. నువ్వు వేసింది నా నడక కాదు. నా వెనకాల నడుస్తూ నువ్వు పడ్డ జాలి.”

చెల్లెలికి బడి దారి కళ్ల ముందు మెదిలింది. ఆ దారిలో అక్క వీపు చూసింది, కాలు చూసింది, చెప్పుల అరుగుదల కూడా చూసింది. అక్క మొహం ఎటు ఉండేదో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. పదేళ్లుగా లక్షలమంది ఆ వంగిన తలని చూసి కళ్లు తుడుచుకున్నారు. వాళ్లతో అలా తుడిపించింది తనే.

“తప్పయిపోయింది అక్కా,” అంది చివరికి.

“ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం. నల్ల బట్టలు తొడిగి, ఒంటినిండా చుక్కలంటించి గంతులేయిస్తారే, ఆ గదెక్కడ?”

రెండు రోజుల తర్వాత అక్క ఆ గదిలో నిలబడింది. మనిషి కదలికని పట్టి తెర మీది బొమ్మకి ఎక్కించే కెమెరాలు చుట్టూ, మధ్యలో చెక్క స్తంభాలు రెండు, ఒక రెయిలింగు, నాలుగు మెట్లు. ఒంటికి అతుక్కుపోయిన నల్ల బట్టల్లో తనని తాను చూసుకుని, “బాగుంది, మబ్బులేని రాత్రిలా ఉన్నా,” అంది. ఆమె చేతిలో కత్తికి బదులు ఒక కర్ర, ఎదురు మెత్తటి కత్తితో ఒక ఫైటర్. బీరువాలాంటి మనిషి.

మొదటి రెండుసార్లూ అతను దూదితో కొట్టినట్టు కొట్టాడు. అక్క కర్ర దించింది. “బాబూ, నువ్వూ జాలిపడకు. ఆ పని మా చెల్లెలు ఎప్పుడో చేసేసింది.”

అందరూ నవ్వారు. చెల్లెలు తల దించుకుంది. ఫైటర్ ఈసారి నిజంగానే వచ్చాడు. అందరూ అనుకున్నట్టే ఎడమవైపు నుంచి, సన్నకాలి వైపు నుంచి. అతను వస్తాడని అక్కకి ముందే తెలుసు. చెయ్యి అప్పటికే రెయిలింగు మీద ఉంది. కాలితో పని లేకుండా చేతిమీదే ఒంటిని గిర్రున తిప్పి అతని పక్కటెముకల్లో కర్ర దింపింది. ఆ బీరువా చతికిలబడింది.

మళ్లీ చేశారు. అక్క మళ్లీ గెలిచింది. అయిదోసారి అతను తెలివిగా ఆమెను రెయిలింగు నుంచి దూరంగా లాగాడు. అక్క ధబ్బున పడింది. చెల్లెలు పరిగెత్తబోయింది.

“ఆగు!” అంది అక్క నేలమీద నుంచే. “లేచేది కూడా తీసుకోండి. అది లేకపోతే ఎలా?”

మోచెయ్యి, మోకాలు, స్తంభం. పైకి లేచింది, చూపు ఎదుటివాడి మీంచి తిప్పకుండా.

“నాలుగు సెకన్లు,” అన్నాడు స్టాప్‌వాచ్ మెల్లగా. “ఆటలో అంతసేపు కిందుంటే చావే మేడమ్.”

“బయటా అంతే కదండీ. అందుకే పడేచోటు కూడా చూసి పెట్టుకుంటా. మీ స్తంభం పక్కనే పడ్డానా లేదా?”

ఆయన గడియారం జేబులో పెట్టేసి ఆమె దగ్గరికి వచ్చాడు. “ఈ గదిలోకి రాగానే ఇవన్నీ చూసేశారా?”

“రాగానే. ఆ కుర్చీ కాలు వదులుగా ఉంది, దాన్ని నమ్మను. ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఆ తీగ తట్టుకుని మీరు మధ్యాహ్నం లోపు పడతారు.”

ఆ సాయంత్రమే పాత నమూనాలు పక్కన పెట్టేశారు. ఆటలో దారులు, కోటలు, పడవలు అన్నీ ఆమె చెయ్యి ఆనే చోట్ల లెక్కతో మళ్లీ గీయాల్సి వచ్చింది. గీసేవాళ్లకి తల ప్రాణం తోకకొచ్చింది. ఇద్దరు ముగ్గురు చెల్లెలితో కొన్నాళ్లు మాట్లాడటం మానేశారు. ఆమె మాత్రం ఆర్నెల్లపాటు ఒకే పని చేసింది. వంతెన కాపరి తలని అంగుళం అంగుళం పైకి ఎత్తింది.

ఆట విడుదలకి నెల ముందు పైవాళ్లు సెట్టింగుల్లో ఒక మీట పెట్టించారు. అది నొక్కితే కుంటు పోతుంది, ఆమె అందరిలా పరిగెడుతుంది. స్టాప్‌వాచ్ వాదించాడు, ఓడిపోయాడు. చెల్లెలు మండిపడుతూ అక్కకి ఫోను చేసింది.

“ఎందుకే అంత ఆవేశం?” అంది అక్క. “నాకే అలాంటి మీట ఉంటే పద్నాలుగేళ్లప్పుడు రోజూ నొక్కేదాన్ని.”

“ఇప్పుడో?”

“మెట్లున్నచోట నొక్కుతా. దిగాక తీసేస్తా. నొక్కేవాళ్లని నొక్కనీ.”

విడుదలైన ఆదివారం కొట్టు వెనక గదిలో ముగ్గురూ కూర్చున్నారు. అక్క కూతురు ఆటంతా తనే ఆడేద్దామని చూసింది. అక్క రిమోట్ లాక్కుంది. మొదటి కోట దగ్గరే పదకొండుసార్లు చచ్చిపోయింది. “అమ్మా, నీ నడకే, నీకే రావట్లేదు!” అని కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది.

పన్నెండోసారి అక్క కోటవైపు వెళ్లలేదు. వెనక్కి తిరిగి ఊళ్లోకి నడిపించింది. సంతలోంచి, నూతి పక్క నుంచి, గోడవారగా. తెర మీద ఆ పడుచుపిల్ల ఎడమ కాలు కాస్త ఈడుస్తూ, ఒక్కో గుమ్మాన్ని తాకుతూ, ఎదురొచ్చే వాళ్ల కళ్లలోకి చూస్తూ నడుస్తోంది.

“యుద్ధం అటుంది పిన్నీ, చెప్పు అమ్మకి,” అంది పిల్ల.

“ఉండనీవే,” అంది అక్క తెర మీంచి చూపు తిప్పకుండా. “ఈ ఊరు బాగుంది. కాసేపు తిరగనీ.”

చెల్లెలు తెరని చూడటం లేదు. చిన్నప్పుడు వెనక నుంచి కనబడని ఆ మొహాన్ని పక్కనే కూర్చుని చూస్తోంది.