పక్క మంచం నవ్వు

గేటు దగ్గర సెక్యూరిటీవాడు "పేషెంటుకి ఏమవుతారు?" అనడిగితే మొదట్లో "తరఫు మనిషిని" అని నిజమే చెప్పేదాన్ని. లోపలికి పంపలేదు. అప్పట్నుంచీ అబద్ధాలే. ఒకరికి పిన్నిని, ఇంకొకరికి వదినను. ముప్పై ఏళ్ళు కడుపులు కోసిన సర్జన్ని నేను. ఇప్పుడు అమ్మానాన్నలను ఆసుపత్రిలో చేర్చి బిక్కచచ్చిపోయిన పిల్లల పక్కన నిలబడి, వాళ్ళు అడగలేనివి అడుగుతుంటాను. మా అత్తగారు చివరి రోజుల్లో ఉన్నప్పుడు సాటి డాక్టర్లు చెప్పిందాంట్లో నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు. డాక్టర్నయ్యుండి నా గతే ఇలా ఉంటే మిగతావాళ్ళ సంగతేమిటని ఒళ్ళు మండి కత్తి పక్కన పడేశాను.

ఆ రోజు నేను పేషెంటు కూతురికి మేనత్తను. పేషెంటు ఒక టైలరు. పిలిచింది ఆయన కూతురు.

"నాన్న ఏమీ తినడంలేదు డాక్టరుగారూ. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది. రేపు పొద్దున కడుపుకి రంధ్రం పెట్టి గొట్టం వేస్తారట, సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే ఆకలితో చంపినదాన్నవుతాను. పెడితే..." అంటూ ఏడ్చేసింది.

"ఊరుకో తల్లీ. సంతకం మాత్రం పెట్టకు. ముందు వీళ్ళ సంగతి చూడనీ."

గుండె డాక్టరు గుండె భేషుగ్గా ఉందన్నాడు. మెదడు డాక్టరు స్కానింగు శుభ్రంగా ఉందనీ, మాటే ఎందుకో పోయిందనీ అన్నాడు. కడుపు డాక్టరు, "కడుపు సిద్ధంగా ఉంది మేడమ్, పైనుంచే ఏమీ రావడంలేదు" అన్నాడు.

"నోట్లో ఎవరైనా చూశారా?"

"నోరు మాది కాదండీ. మాది గొంతు కిందనుంచి."

వెళ్ళి చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని పట్టుకున్నాను. "గొంతు మాదే. నోరు దారిలో తగులుతుంది గానీ మాది కాదు" అన్నాడు.

"మరి ఎవరిదయ్యా ఆ నోరు?"

అతను నిజంగానే ఆలోచించాడు. "పేషెంటుదేమోనండీ" అన్నాడు.

చిర్రెత్తుకొచ్చి నేనే టార్చి వేసి చూశాను. బోసి చిగుళ్ళు తప్ప ఏమీ లేవు.

"కట్టుడు పళ్ళుండేవండీ" అంది కూతురు. "స్కానింగుకి తీసినవి మళ్ళీ కనబడలేదు. అడిగితే, ప్రాణం మీదికొస్తే పళ్ళ గొడవేంటమ్మా అని కసిరారు. సిగ్గేసి ఊరుకున్నాను."

"గుర్తేమైనా ఉందా?"

"ముందుపన్నుకి గాడి ఉంటుంది. దారం తెంపుకోడానికి నాన్నే ఆకురాయితో అరగదీసుకున్నాడు."

సొరుగులు లాగించాను, చెత్తబుట్టలు బోర్లించాను, ఉతకడానికి మూటగట్టిన దుప్పట్లన్నీ దులిపించాను. హెడ్ నర్సు నాకో దండం పెట్టి వెళ్ళిపోయింది. ఇంతలో చూడ్డానికి వచ్చేవాళ్ళ వేళయింది. పక్క మంచం మీద ముసలి బస్సు కండక్టరు ఉన్నాడు. ఆయన కొడుకూ కోడలూ నన్ను పిలిచి మరీ చూపించారు.

"మా నాన్న ఎలా నవ్వుతున్నాడో చూడండి మేడమ్! చేరినప్పుడు ముఖం పీక్కుపోయి ఉంది. ఇక్కడివాళ్ళు దేవుళ్ళండీ!"

కండక్టరు నోరారా నవ్వాడు. ముందుపన్నుకి గాడి ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కొడుకూ కోడలూ వెళ్ళేదాకా ఎలాగో నోరు మూసుకుని, ఆ తర్వాత అడిగాను. "పెద్దాయనా, ఆ పళ్ళు మీవేనా?"

ఆయన తలుపు వైపు చూశాడు. "కాదమ్మా. ఆయా కడిగి తెచ్చి, ఎవరికి లేవో చూసి నాకు పెట్టేసింది. చిగుళ్ళు కోసుకుపోతున్నాయి."

"మరి చెప్పరేం?"

"నేను నవ్వితే నయమైందనుకుని పిల్లలు ఇంటికెళ్ళి పడుకుంటున్నారమ్మా. అంతకుముందు ఈ మెట్ల మీదే పడుండేవాళ్ళు." కర్టెన్ వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆయన తిండి మానేసింది ఇందుకేనా? అయ్యో, నా ముదనష్టపు నవ్వు!" పళ్ళు తీసి నా అరచేతిలో పెట్టాడు.

తిడదామనుకున్నదాన్ని, ఏడుపొచ్చింది.

వేణ్ణీళ్ళతో కడిగి ఇస్తే కూతురు తండ్రికి పెట్టింది. టైలరు దవడ అటూ ఇటూ ఆడించి సర్దుకున్నాడు. "గొట్టం వద్దు. ఆకలేస్తోంది" అన్నాడు, స్పష్టంగా. తర్వాత నన్ను చూసి, "ఈవిడెవరు?" అన్నాడు.

నర్సు అక్కడే ఉందని కూతురు, "మేనత్త నాన్నా" అంది.

"నాకు చెల్లెలెక్కడిదే?"

"అయ్యో పాపం, జ్ఞాపకశక్తి కూడా పోయింది!" అంటూ నర్సు మెదడు డాక్టరు కోసం పరిగెత్తింది.

గొట్టం తప్పింది. కండక్టరుకి కొత్త పళ్ళు చేయించమని బయటి పళ్ళ డాక్టరుకి కబురు పెట్టాను. అవి రావడానికి టైము పడుతుందన్నాడు.

మర్నాడు సాయంత్రం టైలరు కడుపునిండా తిని, చెయ్యూపి నన్ను పిలిచాడు. "అమ్మా, ఆయన పిల్లలొచ్చే వేళయింది" అంటూ పళ్ళు తీసి నా చేతిలో పెట్టాడు.

ఒకరి పళ్ళు ఇంకొకరి నోట్లోనా! సర్జన్ని, గోల చెయ్యాల్సినదాన్ని. చెయ్యలేదు. మరిగించిన నీళ్ళు చల్లార్చి, రెండుసార్లు కడిగి, పక్క మంచానికి తీసుకెళ్ళాను. కండక్టరు వాటిని పెట్టుకుని నొప్పికి ఒక్కసారి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తలుపు తెరుచుకోగానే నవ్వాడు.