మంగళవారం సోడా

ఆగండి, ఆగండి, ఎటూ వెళ్ళకండి. ఇది విన్నాక వెళ్దురుగాని.

మాది క్లీవ్‌లాండ్. నా పేరు చెంగె. ఇంట్లో హంగేరియన్, బడిలో ఇంగ్లీషు. ఈస్టర్ ఆదివారం తర్వాత వచ్చిన మంగళవారం మా బడిలో దేశాల పండగ పెట్టారు. హంగరీ బల్ల నాది. వారమంతా నిద్ర మానేసి సర్దాను: బాల్ పెన్నూ, రంగుల క్యూబూ, మిరపకాయల్లోంచి విటమిన్ సి తీసిన మావాడి కథ చెప్పడానికి ఎర్ర మిరపకాయల దండా, మా అమ్మమ్మ గిజెల్లాది పాత సోడా సీసా, మీట నొక్కితే చిమ్మేది. ఇవన్నీ మావాళ్ళ బుర్రలోంచి వచ్చినవని పిల్లలందరికీ చెప్పాలి. అంతే నాకు కావలసింది.

పండగ ఏర్పాట్లు చూసే మా టీచర్ విట్‌కమ్ మేడం చూసి పెదవి విరిచారు.

"ఇవి సైన్స్ ఫెయిర్‌కి, చెంగె. ఇక్కడ పూల లంగా, మాంసం పులుసు చాలు. ఈస్టర్‌కి మీవాళ్ళు నీళ్ళు చల్లే ఆట ఉందిగా, అది ఆడండి. భలే ముద్దుగా ఉంటుంది!"

"ఆట ఆడితే బల్ల ఉంచుతారా మేడం?"

"చూద్దాంలే."

తీరా ఆ రోజు వెళ్తే నా సామానంతా అట్టపెట్టెలో పడేసి బల్ల కిందకి తోసేశారు. బల్ల మీద పులుసు గిన్నె ఒక్కటే! ఒళ్ళు మండిపోయింది.

అయినా ఆట ఒప్పుకున్నాను కదా, స్టేజీ ఎక్కాను. ఎదురుగా జోంబోర్, మా శనివారం హంగేరియన్ బడిలో నా పక్క బెంచీవాడు, చేతిలో నీళ్ళ చెంబు. నీళ్ళు చల్లే పద్యం మొదలెట్టాడు. మాలో అబ్బాయిలు పద్యం చెప్పి అమ్మాయిల మీద నీళ్ళు చల్లుతారు, అమ్మాయిలు తడిసి, నవ్వి, రంగు గుడ్డు ఇస్తారు. కానీ అది ఈస్టర్ మర్నాడు, సోమవారం! ముందు వరసలోంచి అమ్మమ్మ గొంతు ఖంగుమంది.

"ఏమేయ్, ఇవాళ ఏ వారమే?"

అంతే, నాకు వెలిగింది. సోమవారం అబ్బాయిలది, మంగళవారం మాది. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఆ రోజు అమ్మాయిలే తిరగబడి చల్లేవాళ్ళట. మేడంకి తెలీదు సరే, ఈ జోంబోర్‌గాడికి ఏమైంది?

ఒక్క ఉదుటున కిందకి దిగి, పెట్టెలోంచి సోడా సీసా లాగి, మీట నొక్కాను. సుయ్యిమని వాడి మొహం నిండా!

"ఒసేయ్ చెంగె! కళ్ళల్లో పడిందే!"

"మంగళవారం చెంబు పట్టుకొచ్చావు, అనుభవించు!"

హాలంతా గొల్లుమంది. నేను మైకు అందుకున్నాను. "మా దేశంలో సోడా నీళ్ళు తయారుచేసే యంత్రం కట్టింది ఎవరో తెలుసా? యెడ్లిక్ ఆన్యోష్! మఠంలో సన్యాసి, ఫిజిక్స్ మాస్టారు. కరెంటు మోటారు ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియని రోజుల్లోనే ఒకటి తిప్పి చూపించాడు!" పిల్లలు ఎగబడ్డారు. నాకొకసారి, నాకొకసారి అంటూ మీట కోసం తోపులాట. అందులో రెండు చుక్కలు మేడం గౌను మీద పడ్డాయి.

మేడం నా చేతికి ఒక కాగితం, పెన్ను ఇచ్చారు. "ఇంకెప్పుడూ ఇలా చెయ్యనని రాసి సంతకం పెట్టు. లేకపోతే బల్ల తీసెయ్యి."

పెన్ను చూశాను. బాల్ పెన్నే! నవ్వాగలేదు. పైకెత్తి చూపించాను.

"ఇదీ మావాడిదే మేడం. బీరో లాస్లో. పత్రికల్లో పనిచేస్తూ, సిరా మరకలతో విసిగిపోయి చేశాడు."

పెన్ను ఆమె చేతిలోనే పెట్టి, పెట్టె ఎత్తుకుని బయటికి నడిచాను. తడి జుట్టుతో జోంబోర్ మిరపకాయల దండ మెళ్ళో వేసుకుని నా వెనకే వచ్చాడు. అమ్మమ్మ పాత కారు ముందు భాగమే మా బల్ల అయింది. హాల్లో పులుసు చల్లారిపోయింది, బయట పిల్లల వరస గేటు దాకా!

"సీసా పగిలితే నీ వీపు పగులుద్ది," అంది అమ్మమ్మ, క్యూబు తిప్పుతూ.

రేపు పొద్దున్నలోగా ఆ సంతకం చెయ్యకపోతే వచ్చే ఏడు హంగరీ బల్లే ఉండదని మేడం కబురు. నేనైతే చెయ్యను. కారు ఉంది, సీసా ఉంది, మంగళవారాలు బోలెడున్నాయి. మీరైతే ఏం చేస్తారు?